టీవీలో, రేడియోలో వచ్చినదానిపై ఫిర్యాదు: ఎవరు వింటారు, ఎలా తేలుస్తారు

వార్డు కార్యాలయాలకు వచ్చే అర్జీలలో రోడ్లు, నీళ్లు, చెత్తబండ్ల మధ్య అప్పుడప్పుడు టెలివిజన్ ప్రసారాల మీద ఫిర్యాదులు కూడా ఉంటాయి. ఒక ధారావాహికలో తమ కులాన్ని కించపరిచారని, ఒక వార్తలో తమ వీధిని దొంగల అడ్డాగా చూపించారని, భోజనాలవేళ పిల్లల ముందు చూడరాని దృశ్యాలు వస్తున్నాయని రాసి ఇస్తారు. ఆ కాగితాన్ని తీసుకోవడం తప్ప నగరపాలక సంస్థ చేయగలిగినది లేదు. వీధిస్తంభాల మీద ప్రమాదకరంగా వేలాడే కేబుల్ తీగ సంగతి నగరపాలక సంస్థ చూడవలసినదే. ఆ తీగ గుండా ఇంట్లోకి వచ్చే బొమ్మా, మాటా దాని అధికారానికి లోబడినవి కావు. వాటికి వేరే ద్వారాలు ఉన్నాయి. ఆ ద్వారాలు ఎక్కడున్నాయో, లోపల కూర్చున్నవారు ఏ కొలతలతో తూచి నిర్ణయిస్తారో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. గడువులు చాలా తక్కువ కనుక ఈ విషయం ముందే తెలిసి ఉండడం అవసరం.

మొదట ఒక మౌలిక విషయం. సినిమాకు విడుదలకు ముందే ధ్రువీకరణ ఉంటుంది. టీవీ కార్యక్రమానికి అటువంటి ముందస్తు తనిఖీ లేదు. ప్రసారమైన తరువాతనే ప్రశ్న పుడుతుంది. ప్రశ్నించే హక్కు ప్రేక్షకుడికి ఎక్కడినుంచి వచ్చిందంటే, 1995 ఫిబ్రవరిలో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును చూపాలి. క్రికెట్ పోటీల ప్రసార హక్కుల దగ్గర మొదలైన ఆ తగవులో న్యాయస్థానం, ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిని ప్రభుత్వమైనా, ప్రైవేటు సంస్థ అయినా సొంత సొత్తుగా భావించరాదని తేల్చింది. తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ కేసులో ప్రత్యేకంగా తీర్పు రాశారు. వినేవారికి, చూసేవారికి భిన్నాభిప్రాయాలు తెలుసుకొనే హక్కు ఉన్నదన్న వాదానికి నేటికీ ఆ తీర్పే ఆధారం.

అదే ఏడాది కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం వచ్చింది. దాని కింద ఉన్న నిబంధనలలో రెండు నియమావళులున్నాయి. ఆరవ నిబంధన కార్యక్రమాల నియమావళి, ఏడవది ప్రకటనల నియమావళి. టీవీ మీద ఏ ఫిర్యాదైనా చివరకు ఈ రెండింటిలో ఏదో ఒక అంశాన్ని పట్టుకొని నిలబడవలసిందే. “నాకు నచ్చలేదు” అన్నది కారణం కాదు. రాజకీయ చర్చలో మీ పార్టీని విమర్శించడం, మీరు అభిమానించే నటుడి సినిమా బాగాలేదనడం నియమోల్లంఘనలు కావు. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన వాక్స్వాతంత్ర్యం చానలుకు కూడా ఉంది. నిర్ణయించేవారు మొదట చూసేది ఇదే. తిరస్కరణకు గురయ్యే ఫిర్యాదులలో చాలావాటి లోపం ఇక్కడే ఉంటుంది.

కార్యక్రమాల నియమావళిలోని నిషేధాలు కొన్ని అందరూ ఊహించగలిగినవే: అశ్లీలం, హింసకు ప్రేరణ, మతాల మీద, వర్గాల మీద దాడి, కోర్టు ధిక్కారం, స్త్రీలను, పిల్లలను కించపరచడం, మూఢనమ్మకాలను ప్రోత్సహించడం. ఉద్దేశపూర్వకమైన అసత్యాలను, సగం నిజాలను, వ్యక్తులను గాని సమూహాలను గాని దూషించడాన్ని కూడా అది నిషేధిస్తుంది. 2015లో చేర్చిన ఒక అంశం ప్రకారం, ఉగ్రవాదులపై భద్రతాదళాల చర్య జరుగుతున్నప్పుడు దానిని ప్రత్యక్షంగా చూపరాదు. నియమిత అధికారి అప్పుడప్పుడు ఇచ్చే సమాచారానికే పరిమితం కావాలి.

సొంత రాష్ట్రం విడిచి మరో భాష మాట్లాడే నగరంలో బతుకుతున్న మనవంటివారికి ముఖ్యమైనది మరొకటుంది. జాతిని, భాషను, ప్రాంతాన్ని బట్టి ఏర్పడిన సమూహాలను చిత్రించేటప్పుడు నిందాపూర్వకమైన, వ్యంగ్యమైన, తాము అధికులమన్న అహంకారంతో కూడిన ధోరణి కనిపించే దృశ్యాలుగాని, మాటలుగాని ఉండరాదని ఆ నియమావళి చెబుతుంది. ఇందులో “వ్యంగ్యం” అన్న పదాన్ని అక్షరాలా పట్టుకుంటే మన హాస్య కార్యక్రమాలలో సగం నిలవవు. యాసను అనుకరించి నవ్వించడం తెలుగువారు తమలో తాము చేసుకొనేదే. కనుక ఒక్క హాస్యోక్తిని వేరుచేసి తూచడం కుదరదు. ఆ సమూహాన్ని మొత్తంగా తక్కువవారిగా, దొంగలుగా, మురికివారుగా, తెలివిలేనివారుగా నిలబెట్టే ధోరణి కార్యక్రమంలో ఉన్నదా అన్నది చూడాలి. చెన్నైలో స్నేహితుల మధ్య “గొల్టి” అన్న మాట నవ్వులో కలిసిపోవచ్చు. అదే మాట వార్తా వ్యాఖ్యాత నోట, ఒక నేరవార్త మధ్య వస్తే దాని బరువు వేరు. సందర్భమే నిర్ణాయకం.

ఇక విచారణ వ్యవస్థ. అది ఒకేసారి ఏర్పడలేదు. 2007లో ఒక చానల్ ఢిల్లీలోని ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు విద్యార్థినులను వ్యభిచారంలోకి దింపుతున్నదని రహస్య కెమెరా దృశ్యాలతో కథనం ప్రసారం చేసింది. జనం గుంపుగా బడి మీదికి వచ్చి ఆమెపై దాడి చేశారు, దుస్తులు చించారు. తరువాత దర్యాప్తులో ఆ కథనం కల్పితమని తేలింది. కేంద్ర ప్రభుత్వం ఆ చానలును నెల రోజుల పాటు నిలిపివేసింది. ప్రభుత్వమే ఇలా చానళ్లను మూయించే అలవాటు పెరిగితే ప్రమాదమని పత్రికారంగం భయపడింది. ఏ అదుపూ లేకపోతే ప్రమాదమని తక్కినవారు భయపడ్డారు. రెండు భయాలూ న్యాయమైనవే. ఆ మరుసటి ఏడాది, 2008లో, వార్తా చానళ్ల సంఘం సొంతంగా ఒక ప్రమాణాల మండలిని ఏర్పాటు చేసుకొని, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.ఎస్. వర్మను దానికి అధ్యక్షుడిగా ఎన్నుకొంది. 2021 నుంచి ఆ మండలి పేరు న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీ. వార్తలు కాని కార్యక్రమాలకు, అంటే ధారావాహికలు, ఆటపాటల పోటీలు, హాస్య కార్యక్రమాలకు, 2011లో బ్రాడ్‌కాస్టింగ్ కంటెంట్ కంప్లయింట్స్ కౌన్సిల్ వచ్చింది. జస్టిస్ ఎ.పి. షా దాని తొలి అధ్యక్షుడు. ఇందులో ఒక మాజీ న్యాయమూర్తితో పాటు పన్నెండుమంది సభ్యులు ఉంటారు. వారిలో ప్రసార సంస్థల ప్రతినిధులు నలుగురే. మిగిలినవారు జాతీయ కమిషన్ల నుంచి, సమాజంలోని ప్రముఖుల నుంచి వచ్చేవారు.

తప్పుడు వార్త ఎంత దూరం పోగలదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2010 జనవరిలో ఒక తెలుగు వార్తా చానల్, విదేశీ వెబ్‌సైట్‌లో కనిపించిన ఒక నిరాధార ఆరోపణను పట్టుకొని, మాజీ ముఖ్యమంత్రి మరణించిన హెలికాప్టర్ ప్రమాదం వెనుక ఒక పారిశ్రామిక సంస్థ హస్తం ఉన్నట్లు ప్రసారం చేసింది. గంటల వ్యవధిలోనే ఆంధ్రప్రదేశ్‌లోని పలు పట్టణాలలో ఆ సంస్థ దుకాణాల మీద దాడులు జరిగాయి. చానల్ పాత్రికేయులను పోలీసులు అరెస్టు చేశారు.

ఫిర్యాదు మార్గాన్ని నిబంధనల రూపంలో స్థిరపరచాలని కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. దానిని అనుసరించి 2021 జూన్ 17న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ కేబుల్ నిబంధనలను సవరించి మూడంచెల విధానాన్ని ప్రకటించింది. మొదటి అంచె చానలే. ఫిర్యాదులు చూసే అధికారిని నియమించి, అతనిని చేరే వివరాలను ప్రతి చానలూ తన వెబ్‌సైట్‌లో చూపాలి. మీ లిఖిత ఫిర్యాదు అందినట్లు 24 గంటలలో తెలియజేయాలి. 15 రోజులలో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పినది మీకు సమ్మతం కాకపోయినా, మరో 15 రోజులలో రెండవ అంచెకు, అంటే ఆ చానల్ సభ్యత్వం ఉన్న స్వీయనియంత్రణ సంస్థకు, అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంస్థకు అరవై రోజుల గడువు ఉంది. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే, 15 రోజులలో మూడవ అంచె అయిన కేంద్ర ప్రభుత్వానికి వెళ్లవచ్చు. పలు మంత్రిత్వ శాఖల ప్రతినిధులతో కూడిన సంఘం దానిని పరిశీలించి మంత్రిత్వ శాఖకు సిఫారసు చేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వార్తా చానళ్లన్నీ ఒకే సంఘంలో లేవు. న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ ఫెడరేషన్ అనే మరో సంఘానికి వేరే మండలి ఉంది. కనుక మీ చానల్ ఏ సంస్థలో సభ్యురాలో ముందు కనుక్కోవాలి. సంబంధం లేని మండలికి పంపిన ఫిర్యాదు తిరిగివచ్చేసరికి గడువు దాటిపోతుంది. పైన చెప్పిన స్టాండర్డ్స్ అథారిటీ సొంత నియమాలు మరింత కఠినం: ప్రసారమైన ఏడు రోజులలో చానలుకు రాయాలి, చానల్ జవాబు వచ్చిన పద్నాలుగు రోజులలో మండలికి వెళ్లాలి. ఏ నియమం వర్తిస్తుందో తేల్చుకోవడంలో కాలం వృథా చేయకుండా, మొదటి వారంలోనే చానలుకు రాయడం క్షేమం. ఇదే విషయం మీద కోర్టులో కేసు నడుస్తూ ఉంటే ఆ మండలి ఫిర్యాదును స్వీకరించదు. కేసు లేదని ఫిర్యాదులోనే ప్రకటించాలి.

విచారణ కోర్టు విచారణను పోలి ఉంటుంది కాని కోర్టు కాదు. న్యాయవాది అవసరం లేదు. చానలుకు నోటీసు వెళుతుంది, అది సంజాయిషీ ఇస్తుంది, దానికి మీరు ప్రత్యుత్తరం ఇవ్వవచ్చు. అవసరమైతే ఇరుపక్షాలనూ పిలిచి వింటారు. ప్రసారాన్ని సభ్యులు స్వయంగా చూస్తారు. తరువాత వారు వేసుకొనే ప్రశ్నలను రెండు నిర్ణయాల ద్వారా గ్రహించవచ్చు.

2020లో ఒక హిందీ చిత్రనటుడి మరణం తరువాత, ఆయన చివరి ట్వీట్లంటూ ఆజ్ తక్ చానల్ కొన్నింటిని ప్రసారం చేసింది. అవి ఆయనవి కావు. పొరపాటు తెలియగానే తొలగించామని చానల్ వాదించింది. మండలి ఆ వాదాన్ని అంగీకరించలేదు. సరిచూసుకోవడం ప్రసారానికి ముందు జరగవలసిన పని అని చెప్పి, లక్ష రూపాయల జరిమానా విధించి, క్షమాపణ ప్రసారం చేయమన్నది. అంటే, తప్పు దిద్దుకోవడం శిక్షను తగ్గించవచ్చు గాని తప్పును మాపదు.

రెండవది మన నగరానికి సంబంధించినది. 2020లో కరోనా మొదటి రోజులలో, ఢిల్లీలో జరిగిన తబ్లీగీ సమావేశం గురించి కొన్ని చానళ్లు చేసిన కార్యక్రమాలపై బెంగళూరుకు చెందిన ఒక పౌరబృందం ఫిర్యాదు చేసింది. 2021 జూన్‌లో మండలి న్యూస్18 కన్నడకు లక్ష రూపాయలు, సువర్ణ న్యూస్‌కు యాభై వేలు జరిమానా విధించింది, టైమ్స్ నౌ చానలును అభిశంసించింది. వ్యాధి వ్యాపించడం వార్తే. దానిని చెప్పిన భాషలోని పక్షపాతం, అమర్యాద, ఒక వర్గం మీదికి జనాన్ని రెచ్చగొట్టే తీరు చానళ్లను దోషులుగా నిలిపాయి. ఫిర్యాదుకూ ఆదేశానికీ మధ్య ఏడాదికి పైగా గడిచిందన్నది కూడా గమనించాలి. ఓపిక లేనివారికి ఈ దారి సరిపడదు.

లక్ష రూపాయలు ఒక పెద్ద చానలుకు ఏపాటి? ఈ ప్రశ్న సుప్రీంకోర్టే అడిగింది. 2008లో నిర్ణయించిన గరిష్ఠ జరిమానాను ఇంతకాలం ఎందుకు పెంచలేదని, ఆ కార్యక్రమం మీద చానల్ గడించిన లాభానికి తగినట్లు జరిమానా ఉండవద్దా అని 2023 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం వ్యాఖ్యానించింది. నా అభిప్రాయంలో చానలును నిజంగా నొప్పించేది జరిమానా కాదు, అదే వేళలో తెర మీద కనిపించే క్షమాపణ. వెబ్‌సైట్‌లోను, యూట్యూబ్‌లోను ఉన్న వీడియోను తొలగించమన్న ఆదేశం అంతకంటె ప్రయోజనకరం. తెర మీద వార్త ఒక రాత్రిది, యూట్యూబ్‌లో అది ఏళ్ల తరబడి ఉంటుంది.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. నగర శివారులో కట్టడాల పనికి పాలమూరు నుంచి, అనంతపురం నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటున్నాయి. పక్క లేఅవుట్‌లో దొంగతనం జరిగింది. పోలీసులు ఇద్దరిని ప్రశ్నించడానికి తీసుకువెళ్లారు. ఆ రాత్రి ఒక చానల్ “ఆంధ్రా ముఠా” అన్న శీర్షికతో ఆ షెడ్లను, ముందు నిలబడిన ఆడవారిని, పిల్లలను ముఖాలు కప్పకుండా చూపింది. మరునాడు పోలీసులు ఆ ఇద్దరినీ పంపివేశారు. చానల్ ఆ మాట చెప్పలేదు. వారం తిరగకముందే ఇళ్లలో పనిచేసే ఆ షెడ్ల ఆడవారిని ఇక రావద్దన్నారు.

ఇందులో దొంగతనం జరిగిందని, పోలీసులు ప్రశ్నిస్తున్నారని చెప్పడం తప్పు కాదు. ఫిర్యాదులో దానిని తప్పుపట్టితే ఫిర్యాదు మొత్తం బలహీనపడుతుంది. రుజువు కాని ఆరోపణను “ముఠా” అన్న మాటతో నిశ్చయంగా చెప్పడం ఒక తప్పు. ఇద్దరి మీది అనుమానాన్ని ఒక ప్రాంతంవారందరికీ అంటగట్టడం మరొకటి. సంబంధం లేనివారి ముఖాలు, ముఖ్యంగా పిల్లల ముఖాలు చూపడం వారి ఏకాంతానికి భంగం. వదిలిపెట్టిన సంగతి చెప్పకపోవడం సగం నిజం. ఈ నాలుగింటినీ వేరువేరుగా, నియమావళిలోని అంశానికి జతచేసి రాయాలి. చానల్ పేరు, కార్యక్రమం పేరు, తేదీ, వేళ తప్పనిసరి. “రాత్రి వార్తల్లో” అంటే చాలదు, “9.10 నుంచి 9.16 వరకు” అనాలి. కోరేది కూడా స్పష్టంగా ఉండాలి: సవరణ, అదే వేళలో క్షమాపణ, వీడియో తొలగింపు. నష్టపరిహారం మాత్రం ఈ మండలులు ఇప్పించవు. దానికి సివిల్ కోర్టులో పరువునష్టం దావా వేయవలసిందే.

అనువాదం విషయంలో కొంచెం ఎక్కువ చెప్పడానికి పాఠకులు అనుమతించాలి, అది నా వృత్తి. ఢిల్లీలోనో ముంబయిలోనో కూర్చుని నిర్ణయించేవారికి తెలుగుగాని, కన్నడంగాని రాకపోవచ్చు. చానల్ తన సంజాయిషీతో పాటు తనకు అనుకూలమైన అనువాదాన్ని సమర్పిస్తుంది. కనుక అభ్యంతరకరమైన మాటలను ఉన్నవి ఉన్నట్లు మూలభాషలో రాసి, దాని కింద అనువాదం ఇవ్వాలి. అనువాదంలో జారిపోయేదానిని ఒక వాక్యంలో వివరించాలి. “వాడిని ఎప్పుడో లోపల వేయవలసింది” అన్న వాక్యాన్ని ఆంగ్లంలోకి మారిస్తే “వాడు” పోతుంది. వాడు, అతను, ఆయన, వారు అన్న మెట్లన్నీ అక్కడ ఒకే మాటగా మిగులుతాయి. కన్నడంలోని “అవను”, “అవరు” మధ్య దూరానికీ ఇదే గతి. అరవై ఏళ్ల మేస్త్రీని వ్యాఖ్యాత “నువ్వు” అని గద్దించి అడిగితే, ఆ అవమానం అనువాదంలో ఎక్కడా కనిపించదు. అందుచేత, ఈ భాషలో పెద్దవారిని అలా సంబోధించడం బహిరంగంగా తక్కువచేయడమేనని, అదే కార్యక్రమంలో ఇతరులను “మీరు” అన్నారని పక్కన రాయండి. ఆ పోలికే సాక్ష్యం. సొంత కోపాన్ని అనువాదంలో కలపకండి. మూలంలో “దొంగ” అని ఉంటే అనువాదంలో “కరడుగట్టిన నేరస్థుడు” కారాదు. అటువంటి అతిశయం ఒక్కటి దొరికితే చానల్ న్యాయవాదికి పండుగే.

ప్రకటనల సంగతి వేరు. వాటిని ముంబయిలో 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ చూస్తుంది. ఆ సంస్థ నియమావళిని ఉల్లంఘించే ప్రకటనను ప్రసారం చేయరాదని కేబుల్ నిబంధనలే చెబుతున్నాయి కనుక దాని మాటకు చట్టం ఊతం ఉంది. రుజువు చేయలేని అద్భుత గుణాలను వస్తువుకు ఆపాదించరాదన్న నియమం మనకు ఎక్కువగా ఉపయోగపడేది. పగటివేళ అరగంటేసి నడిచే యంత్రాలు, రత్నాలు, మధుమేహం మటుమాయం చేసే చూర్ణాలు ఈ నియమం కిందికి వస్తాయి. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, మహిమలు చెప్పి యంత్రాలు అమ్మే ప్రకటనలు మహారాష్ట్ర చేతబడి నిరోధక చట్టం కింద నేరమని తీర్పునిచ్చింది. సోలాపూర్, భివండీలలో ఉన్న బంధువులకు ఈ సంగతి చెప్పండి.

రేడియోకు ఈ మూడంచెల నియమాలు వర్తించవు. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు ప్రభుత్వంతో చేసుకొన్న అనుమతి ఒప్పందం ప్రకారం ఆకాశవాణి పాటించే కార్యక్రమ, ప్రకటన నియమావళులనే పాటించాలి. మీరకుండా చూసే అధికారం నేరుగా మంత్రిత్వ శాఖది. మొదట కేంద్రానికి రాసి, జవాబు రాకపోతే మంత్రిత్వ శాఖకు రాయాలి. మద్యాన్ని, మాదకద్రవ్యాలను, తుపాకులను గొప్పచేసే పాటలు వేయవద్దని 2022లో మంత్రిత్వ శాఖ ఎఫ్.ఎం. కేంద్రాలను హెచ్చరించడం ఈ ఒప్పందాల ఆధారంగానే. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వినిపించవచ్చు. నీటి సరఫరా, విద్యుత్తు, వరద, ఆరోగ్య హెచ్చరికలు వంటి స్థానిక పాలకుల ప్రకటనలు వార్తలుగా లెక్కకు రావు, వాటిని చెప్పవచ్చు. ఆకాశవాణి, దూరదర్శన్ కేంద్రాల మీద ఫిర్యాదును ఆ కేంద్రం అధిపతికి, లేదా కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ద్వారా పంపవచ్చు. సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంగం రేడియో వంటి సామాజిక రేడియోలు ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్ని మూడు నెలలు భద్రపరచాలి.

స్థానిక కేబుల్ నిర్వాహకుడు సొంతంగా నడిపే చానల్ మీద ఫిర్యాదుకు ఢిల్లీ దాకా పోనక్కరలేదు. జిల్లాస్థాయి పర్యవేక్షణ సంఘాలు 2005 నాటి ఉత్తర్వుతో ఏర్పడ్డాయి. జిల్లా మేజిస్ట్రేటు గాని, నగరాలలో పోలీసు కమిషనర్ గాని అధ్యక్షులు. మహిళా కళాశాల ప్రిన్సిపాల్, స్త్రీల, పిల్లల సంక్షేమ సంస్థల ప్రతినిధులు సభ్యులు. కర్ణాటకలో జిల్లా మేజిస్ట్రేటు అంటే డెప్యూటీ కమిషనర్. ప్రజాశాంతికి భంగం కలిగే పరిస్థితిలో ఒక కార్యక్రమాన్ని నిలిపివేయించే అధికారం చట్టంలోని 19వ సెక్షన్ వీరికి ఇచ్చింది. నియమోల్లంఘనకు మొదట ఉన్న జైలుశిక్షను 2023లో జన విశ్వాస్ చట్టం తొలగించి, దాని స్థానంలో హెచ్చరిక, అభిశంసన, జరిమానాలను పెట్టింది.

కొన్ని విషయాలకు పైన చెప్పిన దారులేవీ పట్టకండి. లైంగిక దాడికి గురైన పిల్లల పేరు, ఫోటో, బడి, ఇల్లు, కుటుంబం, వీధి వివరాలు బయటపెట్టడం పోక్సో చట్టం 23వ సెక్షన్ కింద నేరం. పదిహేను రోజులు ఎదురుచూడకుండా అదే రోజు పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి. యూట్యూబ్‌లో మాత్రమే నడిచే వార్తా చానళ్లు కేబుల్ చట్టం పరిధిలోకి రావు, వాటికి 2021 నాటి సమాచార సాంకేతిక నిబంధనలు వర్తిస్తాయి. కేబుల్ బిల్లు ఎక్కువ వేశారన్నది, తెలుగు చానల్ ఇవ్వడం లేదన్నది కార్యక్రమ ప్రమాణాల ఫిర్యాదులు కావు. వాటిని మొదట కేబుల్ నిర్వాహకుడి వినియోగదారుల విభాగానికే ఇవ్వాలి.

చానళ్లు తమ ప్రసారాల రికార్డును 90 రోజులు భద్రపరచాలన్నది అనుమతి షరతు. వందలాది చానళ్లను ఢిల్లీలోని ఎలక్ట్రానిక్ మీడియా మానిటరింగ్ సెంటర్ కూడా రికార్డు చేస్తుంది. అయినా ఆ రికార్డు మీ చేతిలో ఉండదు. ప్రసారం చూసిన రాత్రే తేదీ, వేళ కాగితం మీద రాసుకోండి, వీలైతే ఫోన్‌తో తెరను చిత్రీకరించండి, యూట్యూబ్‌లో ఉంటే లింకును దాచుకోండి. చానలుకు పంపిన లేఖ నకలు, అది అందినట్లు వచ్చిన జవాబు విడిగా పెట్టుకోండి. రెండవ అంచెలో మొదట అడిగేది ఆ రెండు కాగితాలనే.